కోటిమంది కామరాజులు

రండి రండి, ఇలా దగ్గిరికి జరగండి, ఆ వెనకాలోళ్ళు బీడీలార్పేసి ముందుకొచ్చెయ్యండి, పిల్లల్ని ఒళ్ళో ఎక్కించుకోండి, మాటలాపండి, ఆపమన్నానా, దగ్గొచ్చేవాళ్ళు ఇప్పుడే దగ్గేసుకోండి, ఎందుకంటే ఇది నోరిప్పకుండా చెప్పే కథ, ఈ కామరాజు పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకుని చెప్తన్న మొదటి కథ, ఆయ్. ఎక్కడున్నానంటారా? గొట్టంలో ఉన్నానండి. అమలాపురం ఎర్రవంతెన దగ్గిర కొత్తగా పెట్టిన స్కానింగు సెంటర్లో, తెల్లగా నున్నగా గుండ్రంగా ఉన్న గొట్టం, మన నగరం ఊళ్ళో భూమిలో పాతిన గ్యాసు గొట్టాలు చూసేరు కదా, వాటికి పెద్దన్నయ్యలాంటిది, అందులోకి నన్ను వెల్లకిలా పడుకోబెట్టి బల్లతో సహా తోసేసేరు. ముక్కుకి జానెడెత్తులో కప్పు. చెవుల్లో దూది, దూది మీద డొప్పలు. చేతిలో ఒక రబ్బరు బుడ్డి, ఐసుపుల్లల సైకిలుకి హారనుంటది చూడండి, అచ్చం అదే, భయమేస్తే నొక్కమన్నారు. కదలకూడదంట, మాట్లాడకూడదంట, గంటసేపు. కదలకుండా ఉండమంటే ఉంటానండి, చెట్టు మీద కందిరీగల పట్టు పక్కనే ఊపిరాపి నుంచున్నోణ్ణి. మాట్లాడొద్దంటే ఎలాగండీ? కొబ్బరిచెట్టు మొవ్వులో కూర్చుని, కింద సైకిలు మీద పోయేవాడితో వాడు ఊరు దాటేదాకా కబుర్లాడినోణ్ణి. అందుకే మిమ్మల్నందర్నీ బుర్రలోకి పిలిచేను. ఇరుకే, కొంచెం సర్దుకోండి.

అదిగో, మొదలెట్టింది. టక్, టక్, టక్, టక్. ఎవడో బయట నిలబడి నన్ను కత్తి వెనకవైపుతో కొట్టి చూస్తన్నట్టుంది. మనం కాయని చూడమా అలాగ? గెల మీద చెయ్యేసి టక్కుమనిపిస్తే చాలు, నీళ్ళున్నాయా, ముదిరిందా, లోపల ఎండి కురిడీ కట్టిందా చెప్పేస్తది కాయ. ఇన్నేళ్ళూ ఎన్ని కాయల నెత్తి మీద మొట్టేనో, ఈవేళ కాయలన్నీ కలిసి మీటింగెట్టి నా మీద పగ తీర్చుకుంటన్నాయి. కొట్టండి కొట్టండి, నాలో నీళ్ళున్నాయో లేదో నాకూ తెలుసుకోవాలనే ఉంది. ఈ మిషనంతా పెద్ద అయస్కాంతమంట. అందుకే లోపలికొచ్చే ముందు నా చెవిపోగూ, మొలతాడుకున్న తాయెత్తూ, బొత్తాల చొక్కా అన్నీ తీయించేసేరు. మిషను నడిపే మోషేగారు, నెత్తి మీద నాలుగు వెంట్రుకలుండి ఆ నాలుగింటికీ నూనె రాసే పెద్దమనిషి, నా కుడిచేతి మీద సున్నం పట్టీ చూసి, "ఇదేంటండి కామరాజుగారూ" అన్నారు. "దిష్టికండి" అన్నాను. "సున్నం ఇనుము కాదులెండి, ఉండనివ్వండి" అని వదిలేసేరు. అబద్ధమే చెప్పేను. దిష్టికి కాదది. ఆ సున్నం సంగతి తరవాత చెప్తాను, తొందరపడకండి, ముందు గడ్డ సంగతి వినండి.

మొన్న వేసవిలో గంగరాజుగారి కొబ్బరితోటలో దింపు తీస్తన్నాను, అంటే చెట్టెక్కి గెలలు కోసి దింపుతన్నాను. గంగరాజుగారంటే ఆ తోట ఆసామి, దొడ్డ మనిషి, నేను చెట్టు మీంచి చెప్పే కథల కోసమే కింద మడతకుర్చీ వేయించుకుని కూర్చుంటారు, ఒకసారి మంచి పట్టుమీదున్నప్పుడు పక్కనే కాయ పడినా లేవలేదు. ఆవేళ కోతి కథ చెప్తన్నాను. ముసలి కోతొకటి నా కత్తెత్తుకుపోయి, నాకంటే నున్నగా గెల కోసి, ఆసామి దగ్గిరికెళ్ళి ఇకనించి కామరాజుని మానిపించి నన్ను పెట్టుకోండని సైగ చేసిందా, అక్కడికొచ్చేసరికి కుడిడొక్కలో కలుక్కుమంది. కాదండి, కలుక్కు కాదు, ఎవరో లోపల చెయ్యెట్టి మెలేసినట్టయింది. ఎలా దిగేనో తెలీదు, చెట్టు మొదట్లో చతికిలబడ్డాను. గంగరాజుగారు పాపం, "తరవాతేమైందిరా, కోతిని పెట్టుకున్నారా లేదా" అంటన్నారు. అప్పుడు నా మొహం చూసి, కుర్చీ తన్నేసి లేచి, కారు తీయించేరు. కాలేయంలో గడ్డన్నారు. కొబ్బరి పిందంత ఉందన్నారు. కేన్సరన్నారు. "పిందేగా అండీ, పిందెలు చాలామట్టుకు వాటంతటవే రాలిపోతాయి" అన్నాను. అక్కడ ముగ్గురు డాక్టర్లున్నారండి, ఒక్కరూ నవ్వలేదు. నేను ఏవన్నా అన్నాక ఎవరూ నవ్వకపోవడం నాకు అదే మొదలు. మా ఆవిడ చిన్నమ్మలు బయటకొచ్చి వరండా స్తంభం పట్టుకుని, ఆ స్తంభం పడిపోద్దేమో అన్నట్టు అలాగే నిలబడిపోయింది.

"ఊపిరి బిగపట్టండి." మోషేగారు, డొప్పల్లోంచి. బిగపట్టేను. మిషను గొంతు మార్చింది, ఇప్పుడు టకటక కాదు, గర్రుమని, రావులపాలెం సెంటర్లో అరటిగెలల లారీ రివర్సు తీస్తన్నట్టుంది. "వదలండి." వదిలేను. ఏవండీ మోషేగారూ, లారీ కాలవలోకి దిగిపోద్ది, వెనక ఎవరన్నా చెయ్యూపండి.

ఆ గడ్డకి ఈ కొత్త మందు పెట్టింది సత్యప్రియగారు. డాక్టరమ్మ, మన రాజోలు పిల్లే, ఎక్కడెక్కడో చదువుకునొచ్చి ఈ మందు పనిలోనే ఉంది, మా అమ్మాయి కంటే నాలుగేళ్ళు పెద్దదుంటదేమో. పెద్దాసుపత్రిలో అందరూ నా కాయితాలకేసి చూసి మాట్లాడితే, ఈ అమ్మాయి స్టూలు లాక్కుని నా మొహంకేసి చూసి మాట్లాడింది. ఇనప రేణువులంట. ఒక వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే అందులో ఒక్క చీలికంత లావు. "ఒక్కో రేణువుకీ మూడు పనులండి కామరాజుగారూ" అంది. "లోపల ఇనుముంటది కాబట్టి అదెక్కడుందో మాకు స్కానింగులో నల్లగా కనపడతది. దాని మీద మందు పూత. ఆ పైన ఇంకో పదార్థం అతికించేం, అది మంచి కండని వదిలేసి గడ్డనే పట్టుకుంటది." నేను కాసేపు ఆలోచించి, "అంటే అమ్మా, దీపం అదే, మందు మూటా అదే, పట్టుకునే చెయ్యీ అదే" అన్నాను. "ఆయ్, అంతేనండి" అంది. "అయితే అది మందు కాదమ్మా, దింపు మనిషి" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ నవ్వింది. నవ్వేక మొహం సర్దుకుని, "ఇది కొత్తదండి, తప్పకుండా పనిచేస్తదని నేను మాటివ్వలేను, ఆలోచించుకోండి" అంది. మాటివ్వలేనన్న డాక్టర్ని అప్పుడే చూసేను. నాకు నమ్మకం అక్కడే కుదిరింది. చెట్టు మంచిదే ఎక్కెయ్యి అనే ఆసామిని నేను నమ్మను, కిందనించి చూస్తే నాకు తెలీట్లేదురా, జాగ్రత్త అనేవాణ్ణి నమ్ముతాను.

సరేనన్నాను, మందెక్కించేరు, ఆ రాత్రినించీ నా ఒంట్లో జరిగేదంతా నాకు కనపడతానే ఉందండి, ఆ మిషనెందుకు! వాళ్ళు కోటిమంది. కోటికి ఒక్కడు తక్కువైనా నేనొప్పుకోను. అందరూ కామరాజులే. అదే మీసం, అదే గళ్ళ లుంగీ ఎగ్గట్టుడు, కాళ్ళకి తాడు బందం, నడుముకి మోకు, నుదుటి మీద దీపం, వీపు మీద మందు మూట. మోచేతి కాడ సూది రేవులో దిగేరు. రక్తం కాలవలో పడవలెక్కేరు. ఒకడు పాడతన్నాడు, ఇంకొకడు చుట్ట అడుగుతన్నాడు, నోరు మూసుకున్నోడు ఒక్కడంటే ఒక్కడు లేడు. గుండె దగ్గిర లాకులు. లాకులు టక్కున తెరుచుకుంటాయి, టక్కున మూసుకుంటాయి, ఆ సందులోంచి పడవ దూకించాలి. అది దాటితే నా కాలేయం లంక. పచ్చటి తోట, నేను చిన్నప్పట్నించీ తిన్న చేపల పులుసుతో పెరిగిన తోట. అందులో మంచి చెట్లని చెయ్యెట్టి తడిమి, నువ్వు బాగున్నావు, నీ జోలికి రాములే అని దాటిపోతన్నారు. ఆ మూల ఒక్క చెట్టు, తెగులు పట్టి ఉబ్బిపోయి, పక్కచెట్ల నీళ్ళన్నీ తాగేస్తా నిలబడింది. దొరికేవురా అన్నాడు ముందున్న కామరాజు. బందం బిగించేడు. ఎక్కడం మొదలెట్టేరు, ఒకడి భుజం మీద ఒకడు, కోటి దీపాలు. పైకెళ్ళి మూట విప్పి మొవ్వులో వంపేసి, దిగనంటే దిగనని అక్కడే కూర్చుని కబుర్లు. ఈవేళ వెళ్ళిన వాళ్ళకి మూటల్లేవంట. "ఇప్పుడు దీపాలు మాత్రమే పంపుతున్నామండి, చెట్టెంతుందో చూసి రావడానికి" అంది డాక్టరమ్మ. చూసొస్తారు. నిజమే చెప్తారో, ఈ కామరాజు లాగే ఒకటికి పది చెప్తారో, అదీ భయం.

"ఊపిరి బిగపట్టండి." బిగపట్టేను. ఊపిరాపితే ఏంటో, పొద్దున్న ఆటోలో నాగదుర్గ గొంతే వినపడతంది. నాగదుర్గ మా ఒక్కగానొక్క అమ్మాయి. పురిటికొచ్చి, వానాకాలంలో ఆడపిల్లని కంది. పొద్దున్న మామిడికుదురు దాటేక, పాపని ఒళ్ళో వేసుకుని, రోడ్డుకేసే చూస్తా అడిగింది. "ఆడపిల్లని ఎత్తుకోడానికి చేతులు రాలేదా నాన్నా?" చిన్నమ్మలు నాకేసి చూసింది. ఆటో అతను కూడా అద్దంలో చూసేడు. నేనేవన్నానో తెల్సా? "నా చేతులు చెట్టు గరుకమ్మా, పాప తొక్కలేచిపోద్ది" అన్నాను. నవ్వుతా అన్నాను. "వదలండి." వదిలేను. ఊపిరి వదిలినా అది వదల్లేదండి.

ఇప్పుడు సున్నం సంగతి చెప్తాను. ఆమధ్య కొబ్బరికాయలకి నల్లి తెగులు పట్టింది, గుర్తుందా, కాయలన్నీ తొడిమ దగ్గిర ఎండి బీటలిచ్చి ఎదుగూ బొదుగూ లేని పిల్లికాయలైపోయేయి. అప్పుడు వ్యవసాయం ఆఫీసరొచ్చి వేరుకి మందు పెట్టమన్నారు. చెట్టు మొదట్లో తవ్వి, పెన్సిలంత లేతవేరు చూసి, ఏటవాలుగా కోసి, మందు కలిపిన ప్లాస్టిక్కు సంచిలో ఆ వేరు ముంచి కట్టేస్తే, తెల్లారేసరికి సంచి ఖాళీ. చెట్టు తాగేస్తది. ఇంక చెట్టంతా విషమే. మొదలూ విషమే, మొవ్వూ విషమే, బొండంలో నీళ్ళూ విషమే. నెలన్నర ఆ చెట్టు కాయ ఎవరూ ముట్టకూడదు, ఆవుకి మట్ట కూడా వెయ్యకూడదు. తెలీనోడు ఎక్కేస్తాడని చెట్టు చుట్టూ సున్నం పట్టీ వేస్తాం. ఆ పట్టీ చూస్తే ఏ దింపు మనిషీ ఎక్కడు. దొంగ కూడా దండం పెట్టి పక్కచెట్టుకెళ్తాడు. గంగరాజుగారి తోటంతా నేనే మందు పెట్టేను, నేనే సున్నం కొట్టేను.

మరి నన్ను మంచమ్మీద పడుకోబెట్టి, పైన సంచి వేలాడగట్టి, చేతి నరంలో సూది గుచ్చి, చుక్కా చుక్కా నాలోకి దింపుతుంటే నాకేం గుర్తొస్తదండీ? సంచి పైకెళ్ళింది, వేరు చేతికొచ్చింది, అంతే తేడా. ఇంటికొచ్చి చిన్నమ్మలు తమలపాకుల పళ్ళెంలో సున్నం తీసి సూదేసిన చేతికి పట్టీ వేసుకున్నాను. ఎవర్నీ అడగలేదు. మందు పెట్టిన చెట్టు సంగతి దింపోడు ఒకళ్ళనడిగేదేంటి? అదొకటీ, అడిగితే డాక్టరమ్మ అవునండి అంటదేమోనని ఇంకొకటీ. నెలన్నర తిరక్కుండానే మళ్ళీ మందు, మళ్ళీ సున్నం. ఆ మధ్యలో పాప పుట్టింది. నాగదుర్గ పాత చీరముక్కలో చుట్టి తెచ్చి, "ఇదిగో నాన్నా" అని నా ముందు చాపితే, నేను రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకున్నాను. అప్పటినించీ అరుగు ఆ చివర నేను, ఈ చివర ఉయ్యాల. కథలు మటుకు ఇక్కడినించే విసురుతన్నాను, కోతి కథ, ఏనుగు బొండం అడిగిన కథ, మాటకి విషం అంటదు కదా. ఆ పిల్ల నోట్లో గుప్పెటెట్టుకుని అలాగే చూస్తది. మా అమ్మాయికి ఈ ముక్క చెప్పొచ్చు కదరా అంటారు. ఎలా చెప్పను? కేన్సరని తెలిస్తే బాలింత బెంగెట్టుకుంటది, పాలెండిపోతాయి అని చిన్నమ్మలు నా నెత్తి మీద నా చెయ్యే పెట్టించి ఒట్టేయించుకుంది. గడ్డ, సూదులేస్తే కరిగిపోద్ది, అంతవరకే చెప్పేం. విషం చెట్టునయ్యేనమ్మా అంటే మిగతాదంతా చెప్పాలి. చెప్పకపోతే మా నాన్నకి ఆడపిల్ల గిట్టలేదనుకుంటది. దీనికి ఏ చెట్టెక్కినా దారి కనపడలేదండి.

దభ్, దభ్, దభ్, దభ్. ఇది కొత్త చప్పుడు. ఇదేంటి, కాయలు రాలతన్నట్టు. ఆపండి మోషేగారూ, ఈ చప్పుడొద్దు. తుపానులో ఇలాగే రాలేయి కాయలు. తొంభయ్యారు తుపాను. ఆ కథ మీరందరూ విన్నదే కదా, కాట్రేనికోన వైపు దింపుకెళ్ళి నేను చెట్టు మొవ్వులో ఉండగా గాలొచ్చిందీ, చెట్టు వంగి వంగి గోదారి దాటి యానాంలో తల పెట్టిందీ, అక్కడ కాకా హోటల్లో నేను టీ తాగేదాకా ఆగి, మళ్ళీ లేచి నన్ను కాట్రేనికోనలో నిలబెట్టిందీ. టీలో పంచదార తక్కువైందని కూడా చెప్తాను, మీరు నవ్వుతారు. అసలుది ఎప్పుడూ చెప్పలేదు. ఆవేళ నాతో నాగదుర్గ కూడా ఉంది. చిన్నపిల్ల, సముద్రం చూస్తానంటే సైకిలు మీద తీసుకెళ్ళేను. సాయంత్రానికి ఆకాశం నేల మీదికొచ్చేసింది. పాక ఎగిరిపోయింది. నీళ్ళు మోకాళ్ళకీ, నడుముకీ. పిల్లని గుండెకానించుకుని, మోకుతో నన్నూ పిల్లనీ చెట్టుకీ కలిపి కట్టేసేను. చుట్టూ చెట్లు విరుగుతున్నాయి, కాయలు దభ్ దభ్‌మని నీళ్ళలో పడతన్నాయి. పిల్ల ఏడవట్లేదు. అదీ నాకు భయం. ఏడిస్తే బాగుండును. గుండె మటుకు నా గుండె మీద టకటక కొట్టుకుంటంది, ఇందాకటి మిషను లాగే. అప్పుడు చెవిలో చెప్పేను, ఒసే దుర్గా, చెట్టు వంగుతుంది చూడు, భయం లేదు, ఇది మనల్ని యానాం తీసుకెళ్తది, అక్కడ నీకు బన్నూ టీ ఇప్పిస్తాను. కాసేపటికి ఆ గాలిలో, "రెండు బన్నులు నాన్నా" అంది. అదే ఆ కథ. అక్కడ పుట్టింది. రాత్రంతా యానాం గురించే చెప్పేను, తెల్లారేదాకా నా గొంతు ఆగలేదు, చెట్టు వేరు వదల్లేదు. ఆ పిల్లని అలా పట్టుకున్న చేతులివి. దాని పిల్లని పట్టుకోడానికి రావా ఇవి? వస్తాయే తల్లీ. రాకేం. నొక్కేస్తానేమో ఈ బుడ్డి. నొక్కను. ఒరే కామరాజులూ, అక్కడే ఉన్నారా? కబుర్లాపి చెట్టు సంగతి చూడండ్రా. మీరు నిజం చెప్పండి, అబద్ధాలు నేను చూసుకుంటాను.

చప్పుడాగింది. బల్ల కదిలింది. వెలుతురొచ్చింది. మోషేగారు నా చేతిలో బుడ్డి తీసుకుంటా, "ఎక్కడా కదల్లేదండి, ఫోటోలు అద్దంలాగొచ్చేయి" అన్నారు. నేను లేచి కూర్చుంటే కాళ్ళు తేలిపోతన్నాయి, చెట్టు దిగినప్పుడు కాసేపు నేల మెత్తగా ఉంటది చూడండి, అలాగ.

సత్యప్రియగారు కంప్యూటరు ముందునించి చెయ్యూపి పిలిచింది. చిన్నమ్మలు నా వెనకాలే. నాగదుర్గ పాపనెత్తుకుని గుమ్మం దగ్గిరే ఆగింది. దాని భుజం మీంచి తల లోపలికి పెట్టేడు కాట్రేనికోన దానియేలు. ఈయన చేపల వ్యాపారం, వాళ్ళమ్మని స్కానింగుకి తెచ్చేడు, పొద్దున్నించీ హాల్లో అందరికీ సలహాలే సలహాలు. నేను లోపలికెళ్తుంటే, "అన్నగారూ, అంత అయస్కాంతంలో పడుకుని వచ్చేక మీరెటు కూర్చున్నా ఉత్తరానికి తిరిగిపోతారేమో, చూసుకోండి" అన్న మనిషి.

"చూడండి" అంది డాక్టరమ్మ. తెర మీద నా కాలేయం బూడిదరంగులో ఉంది, దాని మధ్యలో నల్లగా, చిక్కగా, చిన్న మచ్చ. "మన రేణువులన్నీ అక్కడే చేరేయండి. మిగతా కాలేయంలో దాదాపు లేవు. మొదట్లో కొబ్బరి పిందంత ఉండేది కదా? ఇప్పుడు పోకకాయంత. పోలేదండి, ఉంది, ఇంకా మందు పెట్టాలి. కానీ వాడిపోయింది." చివరిమాట అన్నాక ఆ అమ్మాయి తెర మీద మచ్చని ఇంకోసారి కొలిచి చూసుకుంది, మాటివ్వలేనన్న అమ్మాయి కదా. చిన్నమ్మలు ఈసారి స్తంభం దొరక్క నా భుజం పట్టుకుంది. నేను తెరకేసి చూస్తన్నాను. ఆ నల్లమచ్చలో నావాళ్ళు కోటిమంది, చెట్టు మీద కూర్చుని కాళ్ళూపుతన్నారు. నిజమే చెప్పేరు వెధవలు.

"అవునూ, మోషేగారు చెప్పేరు, చేతికి ఆ సున్నమేంటండి?" అంది డాక్టరమ్మ. దిష్టికని అనబోయేను. నోట్లోంచి అది రాలేదండి. నల్లి సంగతీ, వేరు సంచి సంగతీ, నెలన్నర సంగతీ అన్నీ చెప్పేసేను. గొంతు తగ్గించే చెప్పేననుకున్నాను, నా గొంతు చెట్టు మీంచి మాట్లాడ్డానికి పుట్టిన గొంతు కదా, హాల్లో కాంపౌండరు కూడా పని ఆపి విన్నాడంట.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసేసింది. ఈసారి నవ్వడానికి కాదు. "ఒళ్ళంతా పాకకూడదు, గడ్డకే వెళ్ళాలి అనే కదండీ మేం ఇన్నేళ్ళూ కూర్చుని ఈ రేణువులు చేసింది. మందు పెట్టిన ఒకటి రెండు రోజులు చేతులు కడుక్కుని జాగ్రత్తగా ఉంటే చాలు. తరవాత హాయిగా ఎత్తుకోవచ్చు. ఈవేళైతే మందే లేదు. నన్నొక్క మాట అడిగుంటే పోయేది కదండీ! మీ నోరు గురించి మీ ఊరంతా చెప్తారు."

నేను గుమ్మంకేసి తిరగలేదు. తిరగడానికి ధైర్యం లేదు. నాగదుర్గే వచ్చింది. పాపని వాళ్ళమ్మ చిన్నమ్మలు చేతికిచ్చి, మంచినీళ్ళ సీసా మూత తీసి, చీర చెంగు తడిపి, నా చెయ్యి లాక్కుని ఆ సున్నం పట్టీ రుద్దడం మొదలెట్టింది, గిన్నెకి మాడు వదిలించినట్టు.

"కోతి కథ లక్షసార్లు చెప్పేవు. ఇది చెప్పడానికి నోరు రాలేదా?"

"మీ అమ్మ ఒట్టేయించుకుందే. బెంగెట్టుకుంటావని. పాలెండిపోతాయని."

"కేన్సరని నాకెప్పుడో తెలుసు నాన్నా. గంగరాజుగారి కోడలు నేనొచ్చిన వారానికే చెప్పేసింది. పాలెండలేదు, గేదెకున్నన్ని ఉన్నాయి." ముక్కు ఎగబీల్చింది. ఇంకా రుద్దతానే ఉంది. "నీకు బెంగని నేను తెలీనట్టున్నాను. నాకు బెంగని నువ్వు. మధ్యలో ఇదేం చేసింది పాపం, సున్నం పట్టీ చూసి ఎక్కకుండా ఆగిపోడానికి ఇదేమన్నా దింపు మనిషా?"

సున్నం పోయింది. కింద చర్మం ఎర్రగా కందింది. చిన్నమ్మలు పాపని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఏమీ బరువు లేదండి. ముదురుకాయంత లేదు. అయినా రెండు చేతులూ వేసి పట్టుకున్నాను, ఇన్నేళ్ళలో గెల జారనివ్వని చేతులు. గుండెకానించుకున్నాను. టకటకటక, చిన్నగా, తొందర తొందరగా. ఆ పిల్ల గుప్పెట నోట్లోంచి తీసి, ఆ తడిచేత్తో నా మీసం పట్టుకుని గట్టిగా గుంజింది, ఎక్కడానికి పట్టు చూసుకున్నట్టు. ఏదన్నా చెప్పాలి కదా మనవరాలికి, యానాం గురించి చెప్దామని నోరు తెరిచేను. రాలేదు. గంటసేపు మాట్లాడొద్దంటే లోపల్లోపల అంత వాగేనా, మాట్లాడొచ్చని చెప్పేక ఒక్క ముక్క రాలేదు. నాగదుర్గే పాప చెవి దగ్గిర వంగి, "తాతయ్య నీకు రెండు బన్నులిప్పిస్తాడే" అంది.

మోషేగారు మిషను వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు. చిన్నమ్మలు ఏడుస్తందో నవ్వుతందో నాకు తెలీలేదు. అప్పుడు దానియేలు, ఇంతసేపూ గుమ్మంలో నిలబడి అన్నీ విన్న మనిషి, గొంతు సవరించుకుని, చేతులు కట్టుకుని, పెద్ద చిక్కు వచ్చి పడ్డట్టు మొహం పెట్టి దగ్గిరికొచ్చేడు.

"అన్నగారూ, ఏమనుకోకండి, ఒక్క మాటండి. మనవరాలితో సహా మిమ్మల్ని మా కాట్రేనికోన చేపల పులుసుకి పిలుద్దామనుకున్నానండి. కానీ ఒంట్లో అంత ఇనుముందంటున్నారు, మాది ఉప్పుగాలండి, మా ఇంటి గేటే తుప్పట్టి ఏడాది నిలవలేదు. వచ్చేమాటైతే మటుకు, బయల్దేరే ముందు ఒంటికి రెండు కోటింగులు రెడ్ ఆక్సైడు కొట్టించుకుని రండి."